ఏరు దాటని తాత

మియాస్‌కు అడగకుండా ఉండటం చేతకాదు. కావడికి ఒక పక్క బియ్యపు నూడుల్స్ గంప, ఇంకో పక్క చేపల పులుసు కుండ కట్టుకుని తూల్ క్రసాంగ్ ఊరంతా తిరిగి అమ్ముకునేది. గిన్నె నిండేలోపు ఎదుటి మనిషి ఇంటి గుట్టు సగం ఆమె చెవిన పడాల్సిందే. అలాంటి మనిషి ఈమధ్య ఒకే ప్రశ్న పట్టుకుని వేలాడుతోంది. ఊరి తాతకు ఎంత దూరం కనిపిస్తుంది?

ఊరి తాత అంటే వెదురు పొద పక్కన చిన్న పాకలో కూర్చున్న రాయి. ఊరికంటే పాతవాడు. జ్వరం వచ్చినా, వాన మొహం చాటేసినా ఆయన ముందు అరటిపళ్ళు పెట్టి, ఒక సిగరెట్టు వెలిగించి గోడు చెప్పుకుంటారు. మొన్న ఎండల్లో ఆ తాత ముందే ఊరి పెద్ద ప్రాంగ్ అందరి చేతా ప్రమాణం చేయించాడు. జిల్లా నుంచి వచ్చిన, దేశాన్ని ఏలుతున్న పార్టీ మనుషులు చేతులు కట్టుకుని వెనకే నిలబడ్డారు. కుండ నీళ్ళలో తుపాకీ గుండు వేసి తలా ఒక గుక్క తాగించారు. రాబోయే ఎన్నికల్లో పార్టీకే ఓటేస్తాం, మాట తప్పితే ఈ గుండు మా ఇంటి మనిషిని వెతుక్కుంటూ వస్తుంది అని ఒక్కొక్కరూ పైకి అనాలి. మియాస్ కూడా అంది.

ఆమె ఇంట్లో మిగిలింది ఒక్కడే, కొడుకు వుథా. మొగుణ్ణీ ఇద్దరు ఆడపిల్లల్నీ ఖ్మేర్ రూజ్ ఏలుబడి మింగేసింది. ఆ తర్వాత వచ్చిన పార్టీ వుథాను సైన్యంలోకి ఈడ్చుకుపోయి, ఉత్తరాన ఒక వంతెనకు కాపలా పెట్టింది. గుండు వాణ్ణి ప్రత్యేకంగా వెతుక్కోనక్కర్లేదు, రోజూ వాడి చుట్టూనే తిరుగుతోంది. అందుకే యుద్ధం ఆపుతామంటున్న అవతలి పక్షానికి ఓటు వేయాలని మియాస్ మనసు. పుట్టి ఇన్నేళ్ళయినా నీకేం కావాలని ఆమెను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. తీరా ఇప్పుడు అడుగుతుంటే, జవాబు చెబితే కొడుకు పోతాడేమోనని భయం.

ముందు భిక్షువు దగ్గరకు వెళ్ళింది. బలవంతంగా అనిపించిన మాట మాటే కాదని ఆయన చెప్పాడు. ఆ సంగతి తాతకు తెలుసా అని అడిగితే, తాత వ్యవహారం తన చేతిలో లేదని తప్పుకున్నాడు. తర్వాత ఎన్నికలు జరిపిస్తున్న ఐక్యరాజ్యసమితి తెల్ల కారులో ఒక పొడుగాటి పిల్ల వచ్చి, కాగితం మీద ఎవరు ఏ గీత పెట్టారో ఏ మనిషికీ తెలియదని చెప్పింది. మనుషుల మాట సరే, రాళ్ళ సంగతేమిటని మియాస్ అడిగింది. దుబాసీ కుర్రాడు కిసుక్కున నవ్వి ఊరుకున్నాడు గానీ ఆ ప్రశ్నను అమ్మాయికి చేరవేయలేదు. ఆ పూట వాడి గిన్నెలో పులుసు పలచబడింది.

జవాబు దొరికింది ఒక ఆవు వల్ల. ఎప్పుడో మియాస్ ఆవు తప్పిపోతే, పూనకం వచ్చే ముసలి నువోన్ చేత తాతనే పలికించారు. ఏరు దాటింది, అవతల నేల నాది కాదు, కోకీ ఊరి తాతది, నాకు కనిపించదు అని తాత ఖరాఖండిగా చెప్పాడు. ఆవు నిజంగానే కోకీలో దొరికింది. పులుసు కుండ కడుగుతుండగా మియాస్‌కు ఇది గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. ఏరవతల అంత పెద్ద ఆవే కనిపించని వాడికి అక్కడ చేతిలో కాగితం కనిపిస్తుందా? కనిపించదు. కాకపోతే ఓట్లు వేసేది ఈ ఒడ్డున, తాత కళ్ళెదుట ఉన్న బడిలో. ఇంత ఆలోచనా ఏట్లో కలిసినట్టయింది.

అడవిలోకి వెళ్ళిపోయిన ఖ్మేర్ రూజ్ వాళ్ళు ఎన్నికలే జరగనివ్వమంటున్నారు. ఓటేసిన చెయ్యి నరుకుతామని చెట్లకు కాగితాలు అంటించారు. ఒక సాయంత్రం ఫిరంగి గుండొకటి వచ్చి బడి కప్పు సగం ఎగరగొట్టింది. లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. మర్నాడే ఓట్ల పెట్టెలను ఏరవతల కోకీ బౌద్ధాలయం హాలుకు మార్చారు. ఊరు ఊరంతా వణికిపోతుంటే మియాస్ ఒక్కతే లోలోపల సంబరపడింది, ఆ వెంటనే సిగ్గేసి లెంపలు వేసుకుంది. ఆ రోజు నుంచి ప్రతి గిన్నెతోపాటూ ఆవు కథ కూడా వడ్డించింది. వారం తిరక్కుండా ఆ ఆవు ఊరందరికీ దగ్గరి చుట్టమైపోయింది.

కథ జిల్లాదాకా పాకింది. తాత రాకపోతే తాతనే తీసుకురమ్మని ప్రాంగ్‌కు హుకుం వచ్చింది. రాయిని బండెక్కించి కోకీ తీసుకెళ్ళి హాలు గుమ్మం ముందు కూర్చోబెట్టాలట. ఓటేసే ప్రతివాడూ ఆయన ముఖం చూసి లోపలికి పోవాలట.

ఓట్ల రోజు పొద్దున్నే జనం పెళ్ళికి పోతున్నట్టు పట్టుబట్టలు కట్టుకుని ఏటి దారి పట్టారు. మియాస్ కూడా పెట్టె అడుగున దాచిన పట్టులుంగీ తీసింది. వెనకాల ఎద్దుబండి. బండిలో ఎర్రగుడ్డ కప్పుకుని తాత. తోలుతున్నది ఎవరో కాదు, ప్రాంగే. అవతలి ఒడ్డున జిల్లా మనుషులిద్దరు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మోటారుసైకిలు మీద కూర్చున్నారు. కొత్తనీరు మోకాళ్ళదాకా వచ్చింది, వాళ్ళకేమో బూట్లు తడవకూడదు. మియాస్ బండి పక్కనే నడుస్తోంది. తాత ఏరు దాటాడంటే ఆమె ఓటు ఆమెది కాదు.

సరిగ్గా నీళ్ళ అంచున బండి ఆగింది. చక్రం దిగబడిందని ప్రాంగ్ గట్టిగా కేకవేశాడు.

మియాస్ ఊరుకునే రకమా, వంగి చూసింది. చక్రం కింద పొడి గులకరాళ్ళు, బురద చుక్క లేదు. తలెత్తి చూస్తే పగ్గాలు వెనక్కి బిగుసుకుని ఉన్నాయి. ఎద్దులు మెడలు విరిచి నిలబడ్డాయి. ప్రాంగ్ చేతుల నరాలు తాళ్ళలా తేలాయి.

ప్రాంగ్ ఆమె వైపు వంగి గొంతు తగ్గించాడు. "మియాసూ, ఆ ఆవు సంగతి నిజమేనా?"

"నిజమే అన్నా. తాత నోటితోనే చెప్పాడు, నాకు కనపడదని."

"ఆ గుండు నీళ్ళు అందరికంటే ముందు నాతోనే తాగించారు," అన్నాడు ప్రాంగ్. "నీవాడూ నావాడూ ఒకే వంతెన మీద ఉన్నారు."

మియాస్ నాలుక చివరిదాకా ప్రశ్నలు తోసుకొచ్చాయి. మరి మాచేత ఎందుకు తాగించావు? నువ్వెవరికి వేద్దామనుకుంటున్నావు? ఎప్పటినుంచి ఇలా ఉన్నావు? ఆమె జన్మలో మొదటిసారి ఒక్కటీ అడగలేదు. వెనక్కి తిరిగి, "రండయ్యా, బండి కూరుకుపోయింది, తలా ఒక చెయ్యి వెయ్యండి," అని పిలిచింది.

జనం వచ్చారు, చూశారు, అర్థం చేసుకున్నారు. పట్టుబట్టలు ఎగదోపుకుని బండి చుట్టూ చేరి హైలెస్సా అందుకున్నారు. సగం మంది ముందుకు తోస్తే సగం మంది వెనక్కి లాగారు. మియాస్ చక్రం ఆకు పట్టుకుని ఒళ్ళంతా చెమటలు కారేదాకా లాగింది, వెనక్కే. బండి అంగుళం కదల్లేదు. అవతలి ఒడ్డు నుంచి కాసేపు తిట్లు వినిపించాయి. చివరికి విసుగెత్తి, వదిలేసి తగలడండి అని వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. ముసలి నువోన్ గొడుగు విప్పి, తాతకు తోడుంటానని బండిలోనే కూర్చుంది.

కోకీలో వరుసలో నిలబడ్డాక ఫిరంగి మోత వినిపించింది. గుండ్లు దూరంగా పొలాల్లో పడ్డాయి. అందరూ నేలకు కరుచుకుపోయారు. మోత ఆగాక లేచి దులుపుకుని, నీ ముందు నేనున్నానంటే నేనున్నానని పోట్లాడుకున్నారు. హాల్లో మియాస్ వేలిని ఏదో నీళ్ళలో ముంచారు. అదేం సిరానో, రంగే లేదు, నీలం దీపం కింద పెడితేనే వెలుగుతుందట. చెయ్యి నరకడానికి వచ్చేవాడు ఏం చూసి నరుకుతాడు? ఆ ఉపాయం ఆమెకు భలే నచ్చింది.

అట్ట చాటున ఆమె ఒక్కతే మిగిలింది. పార్టీ లేదు, తాత లేడు, వెనక ఎవరూ లేరు. తనకు నచ్చిన బొమ్మ పక్కన గీత పెట్టింది. గీత తిన్నగానే వచ్చింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి తాత అక్కడే ఉన్నాడు. ఓటు వేసి వెనకే వచ్చిన ప్రాంగ్ బండెక్కి పగ్గాలు వదులు చేశాడు. ఎద్దులు తాతను తీసుకుని ఊరివైపు చులాగ్గా నడిచాయి.

ఏటికి ఇవతల నేల మీద కాలు పెట్టినప్పటి నుంచి మియాస్‌కు కునుకు పడితే ఒట్టు. తాతకు రోజూ పళ్ళు పెట్టింది, సిగరెట్లు వెలిగించింది. ప్రమాణం మాట మాత్రం ఎత్తలేదు.

వానలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఇంటిముందు లారీ ఆగింది. వుథా దిగాడు. కుంటుతూ వస్తున్నాడు. మియాస్ చేతిలోని గరిటె జారిపోయింది.

"ఏంటమ్మా అట్లా చూస్తావు? బూటు కరిచింది," అన్నాడు వుథా.

ఆమె నేల మీద కూలబడి వాడి కాలికి కట్టిన గుడ్డ విప్పింది. మడమ మీద పొక్కు, అంతే. దాన్ని తడిమి తడిమి చూసింది. అప్పుడు ప్రాంగ్ కొడుకు సంగతి అడిగింది. వాడికేం, వంతెన కింద చేపలు పడుతున్నాడన్నాడు వుథా. మియాస్ వాడికి మంచినీళ్ళైనా ఇవ్వకుండా పరుగెత్తింది.

ప్రాంగ్ ఇంటి మెట్ల దగ్గర వెదురు చీలుస్తున్నాడు. పరుగున వస్తున్న మియాస్‌ను చూసి కత్తి వదిలేసి లేచి నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బూటన్నా. బూటు కరిచింది, అంతే," అంది మియాస్ ఆయాసపడుతూ. "మీవాడు చేపలు పడుతున్నాడట."

ప్రాంగ్ మెట్టు మీద కూర్చుండిపోయి, మెడలోని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మియాస్ కాస్త ఎడంగా కూర్చుని, ఆయన ఏడుపు తీరేదాకా ఏమీ అడగకుండా వెదురు ముక్కలు ఏరి పక్కన పెట్టింది.