మరైగూడ డోలు మోగని పండుగ

సుక్మాలో జరిపే పండుగకు మరైగూడ డోలు బృందాన్ని పిలిచే పనిని కళాసమితి స్రవంతికి అప్పగించింది. బ్యానర్ల మీద ఆ బృందం ఫొటోనే పెద్దగా వేయించారు.

ఆమె మరైగూడ ఊరికి వెళ్లేసరికి బృందం పెద్ద హడ్మా ఇంటి ముందు జనం కూర్చుని ఉన్నారు. ముందురోజే అతని అన్న చనిపోయాడు.

"పండుగకు పిలవనీకి వచ్చినవా, అక్కా?" అంది హడ్మా భార్య ఇర్మె. "దినాలయ్యేదాకా మా ఇంట్లో డోలు ముట్టరు."

"వచ్చింది దానికే. ఇప్పుడు అడగనులే" అని స్రవంతి ఆమె పక్కనే కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు.

సంగతి విని సమితి పెద్ద రామనర్సయ్య తల పట్టుకున్నాడు. "ఆఫీసర్ సాబ్‌లు వచ్చే తారీఖు మారదు. వేరే పిల్లలకు ఆ బృందం బట్టలు తొడిగి స్టేజీ ఎక్కిద్దాం. ఎవరికి తెలుస్తది?"

"హడ్మాకు తెలుస్తది కద, బాబాయ్. ఆ టైం ఖాళీగ ఉంచుదాం. ఎందుకో నేనే మైకుల చెప్త."

ఆయన కార్యక్రమాల జాబితాలో ఆ టైం ఖాళీగా వదిలి, సరేనన్నాడు.

పండుగ రోజు స్రవంతి హిందీలో, తెలుగులో, హడ్మావాళ్ల దోర్లీ భాషలో తనకు వచ్చినంత ఆ చావు కబురు చెప్పింది. మొదట వెనక వరుసల్లోని దోర్లవాళ్లు లేచి నిలబడ్డారు. తర్వాత కుర్చీల్లోని సాబ్‌లూ లేచారు.

దినాలు ముగిశాక ఇర్మె కబురు పెట్టింది. సమితి వాళ్లంతా మరైగూడ వెళ్లారు. వేదిక లేదు, మైకు లేదు. హడ్మా వాకిట్లో పొద్దుగూకేదాకా డోలు మోగింది.

బయల్దేరే ముందు రామనర్సయ్య అతని పక్కన నేల మీద కూర్చున్నాడు.

"వచ్చే ఏడు పండుగ ఎప్పుడు పెడదాం, హడ్మా? నువ్వే చెప్పు."