తరుగు

"ఓ సుస్మితా! నువ్వెన్ని కిలోలున్నవ్?"

వాకిట్లోంచి పరమేష్ కేక. వంటింట్లో జొన్నరొట్టె కొడుతున్న సుస్మిత చేతులు ఆగాయి. బయట పత్తి తెచ్చిన రైతులున్నారు, హమాలీలున్నారు, అత్త సాలమ్మ ఉంది.

"అరవై రెండు," అంది. అది పైలట్ లైసెన్సు చేతికొచ్చిన ఏటి బరువు. పెళ్లికి, ఇద్దరు పిల్లలకు ముందటిది.

పత్తి కొనే పరమేష్ ఈమధ్య చౌటుప్పల్ దగ్గర ప్లాట్లు కూడా అమ్ముతున్నాడు. జాగాను పైనుంచి తానే వీడియో తీసి కొనేవాళ్లకు చూపించాలని కోరిక పుట్టింది. రెండు సీట్ల చిన్న విమానం చాలు. నడపడానికి పెళ్లాం ఉంది, జీతం అడగదు. "మా ఇంటామె విమానం నడుపుతది," అని పెళ్లిళ్లలో గొప్పగా చెప్పేవాడు. ఇంటికి రాగానే "చాయ్ పెట్టు పైలటమ్మా," అనేవాడు. ఆమె విమానమెక్కి ఎనిమిదేళ్లయింది.

ఎంచుకునే పని మాత్రం ఆమెకే ఇచ్చాడు. ఆమె తెల్ల విమానాన్ని ఎంచింది. దాని రెక్కలు పైన ఉంటాయి, కింద నేల అడ్డం లేకుండా కనబడుతుంది, బరువు బాగా మోస్తుంది. "గది ఆటో లెక్కున్నది, నలుగురు నవ్వుతరు," అన్నాడు. అతనికి ఎర్రది నచ్చింది. ట్యాంకు నింపితే అందులో ఇద్దరి బరువు నూట అరవై కిలోలు దాటకూడదు. అందుకే అమ్మే అతను ఫోనులో బరువులు అడుగుతున్నాడు.

"అరవై రెండా? జర గీ కాంటా ఎక్కి చెప్పు."

పత్తి బస్తాను పక్కకు జరిపారు. పిండి చేతులతోనే ఎక్కింది. హమాలీ భిక్షం అలవాటుగా రాగం తీశాడు. "డెబ్బై నాలుగూ!"

"తిన్నదంతా యాడికి పోతది మరి," అంది సాలమ్మ. వాకిలంతా నవ్వింది.

సుస్మిత తల వంచుకుంది. ఒళ్లు చూసి నవ్వినందుకు సిగ్గేసింది. అంతకన్నా పెద్ద సిగ్గు మరొకటి లోపల కాలుతోంది. పైలటై ఉండి బరువు దాచింది. పన్నెండు కిలోలు నోటితో చెరిపేస్తే గాలిలోనూ చెరిగిపోతాయనుకుందా?

పరమేష్ కాంటా ఎక్కాడు. "తొంభై ఆరూ!"

"నాకు పది కిలోలు తరుగు తియ్యిరా భిక్షం," అని పరమేష్ నవ్వాడు. ఆ వాకిట్లో ప్రతి బస్తాకూ తరుగు ఉంది. తడికి కొంత, గోనెకు కొంత, ఇదేందని అడిగితే ఇంకొంత. మాట్లాడకుండా నిలబడే ఆ రైతులకు ఇన్నేళ్లూ ఆమె చాయ్ ఇచ్చింది. తను కూడా మాట్లాడలేదు.

"ఎనభై ఆరని నువ్వే చెప్పు. పైలట్ నోట రావాల్నట," అని, అప్పటిదాకా అరచేత్తో మూసి పట్టుకున్న ఫోను ఆమె నోటి దగ్గర పెట్టాడు.

ఆ ఒక్క మాట అంటే చాలు, ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ గాల్లోకి లేస్తుంది. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మే నెల ఎండలొస్తే గాలి పలచబడుతుంది, రెక్కలకు పట్టు దొరకదు. తీసేసిన ఆ పది కిలోలు పక్క సీట్లో కూర్చునే ఉంటాయి.

మర్రిగూడ నుంచి పత్తి తెచ్చిన ముసలి బక్కమ్మ తన బస్తాల మీద కూర్చుని సుస్మితనే చూస్తోంది. ఆమె ఇందాక నవ్వలేదు. తర్వాత తూకం ఆమెదే.

"సార్, నాది డెబ్బై నాలుగు. ఆయనది తొంభై ఆరు. తరుగు లేదు."

"అయితే ఎర్రది కుదరదు మేడమ్."

"తెలుసు."

పరమేష్ ఫోను కట్ చేశాడు. "నీ నోటికాడిది నువ్వే తన్నుకున్నవ్. తెల్లది గూడ కొన. పో, రొట్టెలు కొట్టుకో."

సుస్మిత వంటింటి గడప దాకా వెళ్లింది. ముఖం ఇంకా మండుతూనే ఉంది. అక్కడ ఆగి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుని వెనక్కి వచ్చింది. కాంటా పక్కన నిలబడింది.

"అవ్వా, నీ బస్తా ఎక్కియ్యి. తూకం నేను చెప్త."