దున్నపోతుల గోడ

వెండెల్ సాబోకు మనుషుల మీద కన్నా వైసుల మీద జాలి ఎక్కువ. పాత సామాను అమ్మకానికి పెట్టిన ఏ ఇంటి ముందు ఆగినా అతని కళ్ళు ముందుగా గరాజు మూలల్లోకి పోతాయి. అక్కడ పెయింటు డబ్బాల వెనక తుప్పు పట్టిన బెంచి వైసు, అంటే పనిబల్లకు బిగించి సామాను కదలకుండా కరిచిపట్టే ఇనప దవడల పనిముట్టు, కనబడితే చాలు, ఆ ఇంటివాళ్ళను మనసులో నాలుగు తిట్టుకుని, బేరం కూడా సరిగ్గా ఆడకుండా, నడుం పట్టేస్తున్నా సరే ఎత్తుకొచ్చి ట్రక్కులో పడేసుకుంటాడు. తన ఊరు లొరేన్‌లో స్టీలు మిల్లు మూతపడ్డాక అతను పట్టుకున్న పని ఇది. పాత వైసు కొనడం, విప్పడం, తుప్పు వదిలించడం, రంగు వేసి, చెక్కపెట్టెలో బిగించి, ఎక్కడి నుంచి ఎవరు అడిగితే వాళ్ళకు పంపడం. దీని మీద ఇల్లు గడుస్తుందా అని ఎవరైనా అడిగితే అతని భార్య నోరీన్ జవాబు చెబుతుంది. "ఎందుకు గడవదూ, నేను స్కూలు వంటింట్లో పనిచేస్తున్నాగా!" అంటుంది.

అతని షెడ్డులో ఒక గోడ ఉంది. దాని సంగతి ముందే చెప్పాలి. వైసు దవడలు బిగించడానికి ముందు భాగంలో ఒక అడ్డకడ్డీ ఉంటుంది, అది జారిపోకుండా రెండు కొసలా గుండ్లుంటాయి. దాన్ని చేత్తో తిప్పాలి, అంతే. కొందరు మహానుభావులకు ఆ బిగువు చాలదు. కడ్డీకి బారెడు ఇనప పైపు తొడిగి, ఒళ్ళంతా వేసి దాని మీద వేలాడతారు. కడ్డీ వంగుతుంది, ఒక్కోసారి వైసే పగులుతుంది. వంగిన కడ్డీ చూస్తే వెండెల్‌కు ఒళ్ళు మండిపోతుంది. దాన్ని కోసి తీసేసి, తిన్నటి కొత్త కడ్డీ వేసి, వంకరదాన్ని ఆ గోడకు మేకు కొట్టి తగిలిస్తాడు. గోడ పైన పెద్ద అక్షరాలతో 'దున్నపోతుల గోడ' అని రాసిపెట్టాడు. కొత్తది తగిలించినప్పుడల్లా ఫోటో తీసి, పాత వైసుల పిచ్చివాళ్ళంతా చేరే ఫోను గుంపులో పెడతాడు. ఇక అక్కడ జనం ఆ ముక్కూ మొహం తెలియని దున్నపోతును తలో మాటా అని కడుపు చల్లబరచుకుంటారు.

"చచ్చి ఏ లోకాన ఉన్నారో! వాళ్ళను కూడా వదలరు కదా మీరు" అనేది నోరీన్.

"వాళ్ళు వైసును వదిలారా?" అనేవాడు వెండెల్.

మార్చి నెలలో అతనికి ఒక ఫోను వచ్చింది. మిషిగన్ పైకొసన, సుపీరియర్ సరస్సు ఒడ్డునుంచి ఒక పెద్దావిడ. పేరు ఐలీ కోస్కి.

"సాబో గారేనాండీ? మీరు ముసలి వైసుల్ని పడుచు చేస్తారట కదా!"

"వైసుల్నేనమ్మా, మనుషులనైతే ముందు నన్ను నేను చేసుకునేవాణ్ణి."

ఆవిడ పకపకా నవ్వింది. ఆవిడ భర్త ఆర్వోకు గుండె ఆపరేషన్ అయింది. మార్కెట్ అనే పట్నంలో కూతురింట్లో ఉండి కోలుకుంటున్నాడు. ఊళ్ళో అందరి రంపాలకూ పదును పెట్టేది ఆయనే. ఇంటికొచ్చేసరికి ఆయన వైసు కొత్తదై బల్ల మీద కూర్చుని ఉండాలని ఆవిడ ముచ్చట. పక్కింటాయన చేత బోల్టులు విప్పించి, అప్పుడే లారీలో వేసేసింది కూడా.

"ఆయనకి మాత్రం తెలీకూడదండీ. అది చూసి ఆయనకి మళ్ళీ పని మీదకి మనసు పోవాలి. నాకింకేం వద్దు" అంది ఐలీ.

"కొత్తప్పుడు కూడా ఇంత మెరవలేదే అనుకునేట్టు చేస్తానమ్మా" అని మాటిచ్చాడు వెండెల్.

పెట్టె వచ్చింది. మూత తీసి చూశాడో లేదో, అతని మొహం మాడిపోయింది. ఎంత మంచి వైసు! దవడలు అరగలేదు, మర అరగలేదు, ఎక్కడా పగులు లేదు. కానీ కడ్డీ ఒక కొస దగ్గర ముందుకు, మనిషి నిలబడే వైపుకు, వంగి ఉంది. ఇంకేం చూడలేదు వెండెల్. తిన్నగా ఉన్న కొసన గుండు కోసేశాడు, కడ్డీ లాగేశాడు, గోడకు తగిలించాడు. 'ఈసారి దున్నపోతు మిషిగన్ నుంచి వచ్చింది' అని ఫోటో కింద రాశాడు. గుంపులో ఆ రోజు పండగే. వీడికి వైసు బదులు ఒక గుంజ ఇవ్వండి, కట్టేసుకుంటాడు అన్నాడొకడు. దానికి వెండెల్ నవ్వు బొమ్మ పెట్టాడు.

ఆ తర్వాత పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. వైసును తుప్పు తినే నీళ్ళలో నానేశాడు. వైరు బ్రష్షుతో సందుసందునా రుద్దాడు. బల్లకు ఆనే అడుగు భాగంలో పాత నీలం రంగు కొంచెం మిగిలి ఉంటే, అచ్చం దానికి సరిపోయేదాకా రంగులు కలిపి కలిపి నోరీన్ ప్రాణం తీశాడు. కొత్త కడ్డీని అద్దంలా సానబెట్టి, రెండు కొసలా గుండ్లు కొట్టాడు. మరకు గ్రీజు పూసి, నూనె కాగితం చుట్టి, వైసు కదలకుండా చెక్కపెట్టె అడుక్కు బోల్టులతో బిగించాడు. పెట్టె ఎత్తబోయిన లారీ కుర్రాళ్ళు అతన్ని ఏమని తిట్టుకున్నారో మనకు అనవసరం. అది క్షేమంగా చేరింది. ఆర్వో ఇంటికొచ్చే ముందురోజే బల్ల మీదకు ఎక్కింది.

మే నెలలో ఐలీ మళ్ళీ ఫోను చేసింది. ఈసారి గొంతులో ఆ హుషారు లేదు.

"చూశాడండీ. చాలా బావుంది ఐలీ అని నా తల నిమిరాడు. ఆ తర్వాత దాని మీద ఓ దుప్పటి కప్పేశాడు."

"దుప్పటా?"

"అవునండీ. పక్కింటాయన రంపం పట్టుకొస్తే, ఇక నాచేత కాదులే అని పంపేశాడు. రోజంతా కిటికీ దగ్గరే కూర్చుంటున్నాడు. గుండె భేషుగ్గా ఉందంటున్నారు డాక్టర్లు. ఎప్పుడూ ఆయన ప్యాంట్లకి అతుకులేసే పనుండేది నాకు, ఇప్పుడు అదీ లేదు. మీరు కోప్పడనంటే ఒకటి అడుగుతాను. ఆ వైసులో ఏమైనా లోపం ఉందా?"

వెండెల్‌కు రోషం వచ్చింది. తన పనిలో లోపమా! అయినా తమాయించుకున్నాడు.

"లోపం ఏమీ ఉండదమ్మా. మర కొత్తగా ఉంది కాబట్టి కాస్త బిగువుందేమో. ఒక చేత్తో సామాను పట్టుకుని, రెండో చేత్తో మెల్లిగా తిప్పమనండి."

"ఆయనకి రెండో చెయ్యి లేదండీ."

"ఏంటీ?"

"ఎడం చెయ్యి లేదు. మా పెళ్ళయిన కొత్తల్లో కలప మిల్లులో పోయింది. చెప్పలేదా నేను? మాకు అలవాటైపోయింది, చెప్పాలని కూడా తోచదు."

"మరి ఆయన పని ఎలా చేసేవారు?"

"నాకేం తెలుసండీ! చెయ్యి పోయాక ఏడాది పాటు షెడ్డుకి లోపల గడియ పెట్టుకునేవాడు. నన్ను కూడా రానిచ్చేవాడు కాదు. సామాన్లు కింద పడుతున్న చప్పుడు, ఆయన తిట్లు మాత్రం వినబడేవి. ఓ రోజు గడియ తీశాడు. అప్పటికి పనంతా వచ్చేసింది. ఎలా అని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు."

ఫోను పెట్టేసి వెండెల్ షెడ్డులోకి వెళ్ళాడు. ఎడం చెయ్యి వెనక్కి పెట్టి బెల్టులో దోపుకున్నాడు. ఒక రంపం బద్దను కుడిచేత్తో పట్టుకుని తన వైసు దవడల మధ్య పెట్టాడు. పెట్టాక తెలిసింది, కడ్డీ తిప్పడానికి ఇంక ఏమీ మిగల్లేదు. బద్ద వదిలితే కింద పడుతుంది, వదలకపోతే వైసు బిగియదు. మోకాలితో తోసి చూశాడు, తొడతో తోసి చూశాడు. తిన్నటి కడ్డీ ప్యాంటు మీంచి జారిపోయింది. బద్ద గచ్చు మీద పడి ఖంగుమంది.

అప్పుడు తలెత్తి గోడ వైపు చూశాడు.

కోస్కి గారి కడ్డీని మేకు నుంచి తీసి వెలుగులోకి తెచ్చాడు. పైపు తొడిగి వంచిన కడ్డీకి కొస దగ్గర పైపు కొరికిన గాట్లుంటాయి. దీనికి ఒక్క గాటు లేదు. ఎర్రగా కాల్చి, నెమ్మదిగా, కావాలని వంచిన వంపు ఇది. ఆ వంపు లోపలివైపు ఇనుము నున్నగా అరిగి ఉంది. ఏళ్ళ తరబడి ప్యాంటు గుడ్డ రాసుకుని రాసుకుని అరిగిన అరుగుదల. ఇది చూడడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, చూస్తే చాలు. వెండెల్ చూడలేదు. చూడకుండానే గుంపందరి ముందు నవ్వాడు.

క్యాబేజీ నూడుల్స్ గిన్నెతో వచ్చిన నోరీన్‌కు మొగుడు డబ్బా మీద కూర్చుని, కడ్డీని ఒళ్ళో పెట్టుకుని కనబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆయన రెండో చెయ్యి నేను కోసేశాను నోరీన్" అన్నాడు.

సంగతంతా విన్నాక ఆవిడ గిన్నె బల్ల మీద పెట్టింది. "అయితే వెళ్ళి అతికించు. ఇక్కడ కూర్చుని ఏడిస్తే అతుక్కుంటుందా?"

పోస్టులో పంపితే తెగే పని కాదు. కొత్త కడ్డీ కోసి, పాతది దూర్చి, కోసేసిన గుండు స్థానంలో ఇంకోటి వేడి మీద కొట్టాలి. అది ఒంటిచేత్తో అయ్యేది కాదు. వెండెల్ తెల్లారి కొలిమి సామాను ట్రక్కులో వేసుకుని, పొడుగు వంతెన దాటి, చెట్ల నీడన ఇంకా మంచు కరగని ఆ ఊరికి సాయంత్రానికి చేరాడు. చిన్న మరమ్మతుందని మాత్రం ఐలీకి చెప్పాడు.

ఆర్వో పొడుగ్గా, బక్కగా ఉన్నాడు. ఎడం చొక్కా చేతిని మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు. మర్యాద తెలిసిన మనిషి.

"ఇంత దూరం ఎందుకొచ్చారండీ? బ్రహ్మాండంగా చేశారు. ముట్టుకోవాలంటేనే భయమేస్తుంది."

వెండెల్ గుడ్డ విప్పి వంకర కడ్డీ చేతికిచ్చాడు. ఆర్వో దాన్ని అందుకున్నాడు. ఆలోచించకుండానే దాన్ని ఎడం తొడకు ఆనించుకున్నాడు. వంపు తొడకు అతికినట్టు సరిపోయింది.

"పారేశారనుకున్నా" అన్నాడు.

"మరి అడగొచ్చు కదండీ! ఫోను చేసి నన్ను నాలుగు తిట్టొచ్చు కదా!"

"ఐలీ అంత ముచ్చటపడి చేయించింది. బాలేదని ఎట్లా చెప్పను? ఈ వంకర గురించి చెప్పాలంటే ఆ ఏడాదంతా చెప్పాలి. అది నేను ఎవరికీ చెప్పలేదు."

ఇద్దరూ పనిలోకి దిగారు. వెండెల్ తన అద్దం లాంటి కడ్డీని తనే కోసి తీశాడు. పాతదాన్ని దూర్చి, కొసకు మంట పెట్టి ఎర్రగా కాల్చాడు. సుత్తి దెబ్బ తగలాలంటే వెనక నుంచి బరువైన ఇనుము అదిమి పట్టాలి. ఆర్వో తన కుడిచేత్తో అదిమి పట్టాడు. మూడు చేతుల మధ్య గుండు తయారైంది. వైసు నీలం రంగు ఆ వేడికి కొంత పొక్కిపోయింది. వెండెల్ దాని వైపు చూడను కూడా చూడలేదు.

చల్లారాక ఆర్వో పక్కింటాయన రంపం తెప్పించాడు. బద్దను కుడిచేత్తో దవడల మధ్య నిలబెట్టి, కొంచెం పక్కకు తిరిగి, ఎడం తొడతో ఒక్క తోపు తోశాడు. వంపు తొడకు చిక్కింది, కడ్డీ తిరిగింది, దవడలు కరుచుకున్నాయి. చెయ్యి వదిలేసి ఆకురాయి అందుకున్నాడు. పళ్ళ మీద ఆకురాయి చప్పుడు మొదలైంది.

గుమ్మంలో కాఫీ, యాలకుల రొట్టె ఉన్న పళ్ళెంతో ఐలీ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో!

"ఇన్నేళ్ళూ నీ ప్యాంట్లన్నీ ఎడం తొడ దగ్గరే ఎందుకు చిరుగుతాయా అనుకునేదాన్ని" అంది. "ఎన్ని అతుకులేశాను, ఒక్క మాట చెప్పకపోతివే!"

"చెబితే నువ్వొచ్చి పట్టుకునేదానివి" అన్నాడు ఆర్వో, తల ఎత్తకుండా. "నేను నేర్చుకునేవాణ్ణి కాదు."

ఐలీ పళ్ళెం కింద పెట్టి, వచ్చి ఆయన ఎడం పక్కన, చెయ్యి లేని పక్కన, ఆనుకుని నిలబడింది. వెండెల్ మొహం తిప్పుకుని యాలకుల రొట్టె కొరికాడు.

అతను దాచుకోలేకపోయాడు. బయలుదేరే ముందు గోడ గురించి, గుంపు గురించి, నవ్వు గురించి అంతా చెప్పేశాడు.

"నన్నేమని రాశారు?" అని అడిగాడు ఆర్వో.

"దున్నపోతు అని."

"బానే ఉంది. ఆ గడియ వేసుకున్న ఏడాది ఐలీ కూడా అదే అనేది." కోసి పడేసిన మెరిసే కడ్డీని వంగి తీశాడు. "నా మేకు ఖాళీగా ఉంది కదా అక్కడ? ఇది తగిలించండి."

ఇంటికి చేరగానే వెండెల్ తగిలించాడు. కింద సుద్దముక్కతో 'వెండెల్ సాబో, లొరేన్' అని రాసి, ఫోటో తీసి గుంపులో పెట్టాడు.

'ఇది తిన్నగానే ఉందిగా, దున్నపోతు ఎక్కడ?' అని ఒకడు వెంటనే అడిగాడు.

'కింద పేరు చూడు' అని జవాబు కొట్టి, వెండెల్ ఫోను బల్ల మీద బోర్లించాడు. తర్వాత గోడ మీది వంకర కడ్డీలను ఒక్కొక్కటే దించి, వెలుగులో పెట్టి, పైపు గాట్లు ఉన్నాయా లేవా అని చూడడం మొదలుపెట్టాడు.