నలుగురూ ఒకటే ఒత్తిన బొమ్మలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు ఆడవాళ్లు. గడప పక్కన గోడకానుకుని లింగవ్వ, ఆమెకు ఎదురుగా పక్కింటి హన్మవ్వ, కిటికీ కింద కోడలు అంకిత, అందరికీ వెనక బీరువాకూ గోడకూ మధ్య ఇరుకులో రుచిత. లింగవ్వ కొడుకు శివకుమార్ పని ఆర్మూర్‌లో. వారానికోసారి వచ్చిపోయే మనిషి కాబట్టి అతణ్ణి ఈ లెక్కలో వేసుకోనక్కర్లేదు.

రుచిత లింగవ్వ చెల్లెలి బిడ్డ. రుద్రూర్ దగ్గరి పల్లెలో పది దాకా చదివి, ఇంటర్ కోసం నిజామాబాద్ వచ్చింది. హాస్టల్‌లో సీటు దొరకలేదు, పెద్దమ్మ రమ్మంది. ఈ ఇల్లు లేకపోతే చదువు లేదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ గుర్తు చేయాల్సిన పని లేదు. నలుగురిలో నోరు విప్పాలంటే ఆమెకు గొంతు రాదు. చెప్పలేనివన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకుంటుంది.

ఆ గదిలో ఇరవై ఏళ్లుగా బీడీలు చుట్టారు. నాలుగు నెలల కింద, ఆకూ తంబాకూ ఇచ్చి బీడీలు చుట్టించే ఠేకేదారు దేవిదాస్ కొత్త పని తెచ్చాడు. ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న పరిశోధన సంస్థది. అక్కడివాళ్లు సముద్రపు నీటి చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి ఫోటోలు తీస్తారు. అందులో ఉన్న జీవి ఏదో చూసి ఫోన్‌లో పేరు ఒత్తాలి. అట్లా ఒత్తినవాటితో కంప్యూటర్‌కు నేర్పుతారు. నేర్చుకున్నాక అదే నీటిని చూసి, విషపు నాచు పెరుగుతోందని ముందుగా చెబుతుంది. అప్పుడు ఆ ఊళ్లవాళ్లు ఆ విషం పట్టిన ఆల్చిప్పలు ఏరుకొచ్చి వండుకోకుండా ఆగుతారు.

ఆ నలుగురిలో సముద్రం చూసినవాళ్లు లేరు. ముప్కాల్ పోయినప్పుడు శ్రీరాంసాగర్ కట్ట మీంచి చూసిన నీళ్లే వాళ్లకు పెద్ద నీళ్లు. జీవుల పేర్లు నోరు తిరగక సొంత పేర్లు పెట్టుకున్నారు. గొలుసు, మక్కగింజ, బొంగరం, నడుము బొంగరం. బొంగరం మంచిది. దానికే నడుము దగ్గర గీత ఉంటే విషపుది. మసక ఫోటోలో ఆ గీత ఉందో లేదో దేవుడికే తెలియాలి.

నియమాల కాగితం చదివింది రుచితే. ప్రతి ఫోటో నలుగురికీ వస్తుంది. ఎవరికి వారే చూడాలి. కంప్యూటర్ కింద తన ఊహ చూపిస్తుంది, దాన్ని నిజమని పట్టుకోకూడదు. తేలకపోతే ‘తెలియదు’ అని ఒత్తాలి. నలుగురి జవాబూ కలవకపోతే ఆ ఫోటోను శాస్త్రవేత్త చూస్తారు. కలిస్తే ఇంకెవరూ చూడరు, అది నేరుగా కంప్యూటర్‌కు పాఠమైపోతుంది.

“వేర్వేరుగ చూడాల్నట, పెద్దవ్వా” అని మొదటి రోజు పెద్దమ్మతో మెల్లగా అంది.

“వేర్వేరుగ కూసునేటందుకు మీ పెద్దబాపు బంగ్లా కట్టిచ్చి సచ్చిపోయిండా పిల్లా?” అంది హన్మవ్వ. అందరూ పడీ పడీ నవ్వారు. రుచిత కూడా నవ్వి, ఎందుకు వేర్వేరుగా చూడాలో మాత్రం మింగేసింది.

బీడీల కార్ఖానాలో కట్ట విప్పి చూస్తారు. ఒకటి సన్నంగా, ఒకటి లావుగా కనబడితే విరిచి పారేస్తారు. అందుకే ఇంట్లో ఎన్ని చేతులు చుట్టినా ఒక్క చెయ్యి చుట్టినట్టే ఉండాలి. లింగవ్వ కోడలికి నేర్పిన మొదటి పాఠం అదే. ఆ అలవాటు ఫోన్లలోకీ వచ్చేసింది.

“ఏందే ఇది?”

“బొంగరం” అంటుంది హన్మవ్వ.

“నడుము కానొస్తలేదా?”

“కండ్లు పోయినయా లింగవ్వా? మిషను సుత బొంగరమనే అంటున్నది, కింద సూడు.”

“అయితే బొంగరమే. ఒత్తుండ్రి.”

నాలుగు వేళ్లు ఒత్తాయి. రుచిత వేలు కూడా. తరువాత ఆ ఫోటో నంబరు నోట్‌బుక్కులో రాసి, పక్కన ‘మాకు తెలియదు’ అని పెట్టింది. అట్లాంటి నంబర్లతో పదకొండు పేజీలు నిండాయి. రాసిపెట్టుకుంటే చాలు, తన తప్పు కాదని ఇన్నాళ్లూ అనుకుంది.

ఆ రోజు రుచితకు కాలేజీ సెలవు. పొద్దున పది గంటలకు సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. చదువుకున్నది కదా అని రుచిత చేతికిచ్చి, స్పీకర్ పెట్టమన్నారు. అవతల మేడం గొంతు సంతోషంగా ఉంది.

“మీ ఇంటి జవాబుల్లో ఒక్క తేడా కూడా లేదమ్మా. అందుకే మీవి ముందుగా కంప్యూటర్‌కు నేర్పేశాం. వచ్చే నెల నుంచి మూడు ఊళ్ల జాలర్లకు దాని హెచ్చరికలే వెళ్తాయి. మీరు ఎవరికి వారే చూస్తున్నారు కదా?”

గదిలో మూడు జతల కళ్లు రుచిత మీద వాలాయి.

“అవును మేడం.”

“గట్ల చెప్పాలె” అని ఫోన్ పెట్టేశాక లింగవ్వ మెచ్చుకుంది. “మా రుచితకు నోరు లేదంటరు. సమయానికి వస్తది.”

అంకిత కిటికీ కింద నుంచి కన్ను గీటింది. ఆమెకు అయిదో నెల. బీడీలు చుట్టినన్నాళ్లూ దగ్గు ఆగేది కాదు. తంబాకు దుమ్ము దగ్గరికి పోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఫోన్ పని వచ్చాక ఆ దగ్గు పోయింది. ఒకే చాప మీద పక్కన పడుకునే రుచితకు ఆ సంగతి ఇంట్లో అందరికన్నా బాగా తెలుసు.

మధ్యాహ్నం రుచిత ఇంటి వెనక నీళ్ల డ్రమ్ము చాటున కూర్చుంది. మూడు ఊళ్లు. అక్కడ ఏ ఇంట్లోనో ఒక తల్లి ఆల్చిప్పలు కడుగుతూ ఉంటుంది. ఫోన్ చేస్తే మాట రాదని తెలుసు. అందుకే రాసింది: ‘మేడం, పొద్దున అబద్ధం చెప్పాను. మేము కలిసి చూసి ఒకటే ఒత్తుతాం. ఈ నంబర్ల ఫోటోలు మాకు తెలియనే తెలియవు.’ పదకొండు పేజీలకూ ఫోటోలు తీసి పంపింది.

గంటకు జవాబొచ్చింది. ‘చెప్పినందుకు థాంక్స్ రుచితా. కానీ నువ్వు రాసుకున్నవే కాదు, మీ ఇంటి జవాబులన్నీ పక్కన పెట్టాలి. ఎవరు ఏది నిజంగా చూశారో ఇప్పుడు తెలిసే దారి లేదు. కంప్యూటర్ నేర్చుకున్న దాంట్లోంచి వాటిని ఏరి తీయలేం. మొదటి నుంచి నేర్పాలి. అంత సమయం ఇస్తారో, వచ్చే నెల హెచ్చరికలు ఆపుతారో నేను చెప్పలేను.’

రుచిత దాన్ని రెండుసార్లు చదివింది. నిజం చెబితే కనీసం అక్కడైనా సర్దుకుంటుందనుకుంది.

పొద్దు వాలకముందే దేవిదాస్ వచ్చాడు. బండి మీంచి తునికాకు కట్టలు, తంబాకు సంచి దింపి గడపలో పడేశాడు.

“పని బంద్, లింగవ్వా. మీ ఇంట్లకెల్లే మెసేజ్ పోయిందట. నా కిందున్న ఇండ్లన్నిటికీ బంద్. రేపటికెల్లి మళ్ల ఆకే.”

“ఎవలు పంపిండ్రు?”

“అది మీరే తేల్చుకోండ్రి” అని అతను బండెక్కాడు.

లింగవ్వ ఒక్కొక్కరి మొహం చూసింది.

“నేనే, పెద్దవ్వా.” ఈసారి గొంతు స్పష్టంగానే వచ్చింది.

“మూగదనుకుంటిమి గదనే! కడుపుల గింత పెట్టుకున్నవా?” అంది హన్మవ్వ.

లింగవ్వ తిట్టలేదు. తునికాకు కట్టను నీళ్ల బకెట్‌లో ముంచి, దాని మీద రాయి పెట్టింది. “రేపు పొద్దుగాల బస్సెక్కు బిడ్డా. నా చెల్లెకు నేను ఫోన్ చేస్త.”

అంకిత అప్పటికే చాట తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. రుచిత ఆ గది తలుపు దగ్గర నిలబడింది.

“వదినె, నీ వంతు నేను చుడుత.”

“రేపు పోతున్నవు గద. ఎప్పుడు చుడుతవు?”

“అవి తప్పు బొమ్మలు వదినె. అక్కడ తినెటోళ్లు...”

“చెప్పుడు తప్పని నేనంటలేను” అంది అంకిత. గొంతు పెంచలేదు. “ఎందుకు వేర్వేరుగ చూడాల్నో నాకు ఒక్కసారన్న చెప్పినవా? నాలుగు నెలలు నా పక్కన్నే పండుకుంటివి.”

“హన్మవ్వ నవ్వింది...”

“నవ్వితే? నేను నవ్విన్నా? సరే, నవ్విన. నవ్వినంక రాత్రి చెప్పద్దా? నాకు తెలిస్తే నేను ఆ మూలకు పోయి కూసుందును. ‘తెలియదు’ అనే ఒత్తుదును. నాకు నిజంగనే తెల్వకపోయేది, పిల్లా.” ఆమె తంబాకు సంచి మూతి విప్పింది. దుమ్ము లేచింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. “ఇంట్ల ఉన్నదానికి చెప్పకపోతివి. ఎవరో తెల్వని మేడంకైతే రాస్తివి.”

అంకిత అన్నది నిజం. పక్కనున్నదానికి చెప్పని ఆ తప్పును రుచిత నోట్‌బుక్కులో రాసుకోలేదు, ఎవరికీ పంపలేదు.

“నేను ఈడనే కూసుంట వదినె. ఆకు కత్తిరిస్త.”

అంకితకు దగ్గు వచ్చింది. ఆగేదాకా ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని కూర్చుంది. తరువాత గోడ పట్టుకుని లేచి, తలుపు దగ్గరికి వచ్చింది.

“జరుగు” అని, రుచిత వెనక్కి అడుగు వేసేదాకా ఆగి, తలుపు వేసుకుంది.