చచ్చినవా, బతికినవా?

నగరపాలక సంస్థ దోమల విభాగంలో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న ఆమెను అందరూ దోమలక్క అనే పిలిచేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. భుజాన సంచి, చేతిలో పొడుగు కాడ ఉన్న తెల్ల గరిటె. నీళ్లు నిలిచిన చోటల్లా ఆ గరిటె ముంచి, అందులో గింగిర్లు కొట్టే దోమ పురుగులను లెక్కపెట్టి, పైన ఇంత నల్ల నూనె చల్లి వెళ్లిపోవడం ఆమె పని. ఆ నూనె పురుగులకే కాదు, ఆమె వేళ్లకూ పడేది కాదు. చర్మం పొరలు పొరలుగా లేచిపోయి, సూదిలో దారం ఎక్కించడానికి కూడా ఆ వేళ్లు పనికి రాకుండా పోయాయి.

అందుకే ఆఫీసుకు కొత్తగా వచ్చిన కీటకాల మేడమ్ ఒక సీసా చూపించి, "అక్కా, ఇది వేప గింజల నుంచి తీసిన మందు. చేతికి తగిలినా ఏం కాదు. పనిచేస్తుందో లేదో మీరే తేల్చాలి" అన్నప్పుడు దోమలక్క రెండు చేతులతో అందుకుంది.

పరీక్షకు చోటు కూడా ఆమే చూపించింది. తమ్ముడికి ఇంటిని ఆనుకునే పాత లారీ టైర్లు బాగుచేసే షెడ్డు ఉంది. దాని వెనక పెరట్లో ఇరవై నాలుగు టైర్లు వాననీళ్లు నింపుకుని పడి ఉన్నాయి. తమ్ముణ్ణి బతిమాలి ఒప్పించి, టైర్ల మీద సుద్దతో అంకెలు వేసింది. బేసి సంఖ్యల్లో మందు, సరి సంఖ్యల్లో ఏమీ లేదు. రోజూ గరిటె ముంచి చూసి రిజిస్టరులో రాయాలి. మేడమ్ గీసిచ్చిన గళ్లు రెండే: చచ్చినవి, బతికినవి.

మొదటి రోజు ఒక్కటీ చావలేదు. వేప అంటే చేదు, కాస్త నిదానంగా ఎక్కుతుందిలే అనుకుంది. మూడో రోజూ అంతే. ఆరో రోజుకి మాత్రం ఆమె బుర్ర గిర్రున తిరిగింది. మందు వేసిన టైర్లలో గరిటెకు పద్దెనిమిది, ఇరవై పురుగులు నిక్షేపంగా ఆడుకుంటున్నాయి. మందు వెయ్యని టైర్లలో చూస్తే మూడో నాలుగో!

దోమలక్క రిజిస్టరు తిరగేసింది, మరగేసింది. తానే పొరపాటున సరి సంఖ్యల్లో పోసిందా? వంగి ఒక్కో టైరూ వాసన చూసింది. బేసివే చేదు వాసన కొడుతున్నాయి. పొరపాటేం లేదు. మరి మందు వేసిన చోట ఎక్కువ, వెయ్యని చోట తక్కువ ఏమిటి? పంతొమ్మిదేళ్లలో ఎన్ని తొట్లు చూసిందో లెక్క లేదు గానీ, ఎక్కడికక్కడ నూనె చల్లి వెళ్లిపోవడమే తప్ప, ఒకే నీళ్ల ముందు వారం రోజులు కూర్చున్న పాపాన పోలేదు.

షెడ్డులోంచి వచ్చిన తమ్ముడు రిజిస్టరులోకి తొంగి చూసి పగలబడి నవ్వాడు.

"అక్కా, నువ్వు పోసింది మందా, టానిక్కా? తాగి బలుస్తున్నాయి!"

"నోరుముయ్యరా. నాకే ఏం పాలుపోవడం లేదు."

నవ్వు ఆపి వాడు గొంతు తగ్గించాడు. "నవ్వులాటకి అనడం లేదు. ఇంట్లో దోమలు మునుపటి కంటే ఎక్కువయ్యాయి. నీ మరదలికి ఆరో నెల. చేతుల నిండా దద్దుర్లే. ఎల్లుండి లోపు నువ్వేదో ఒకటి చెయ్యి, లేకపోతే నేనే అన్నిట్లోనూ కిరసనాయిలు పోస్తా."

మరదలు తలుపు దగ్గరే నిలబడి ఉంది. "వదినని ఎందుకండీ వేధిస్తారు, ఆమె మాత్రం ఏం చేస్తుంది?" అంది గానీ, అంటూనే మోచెయ్యి గీరుకుంది.

దోమలక్క మేడమ్‌కి ఫోన్ చేసింది. ఊళ్లో లేదు, సమావేశంలో ఉందన్నారు. మర్నాడూ అదే జవాబు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మందు నిజంగానే పురుగుల్ని పెంచుతోందేమో అన్న పిచ్చి ఆలోచన కూడా వచ్చింది. కడుపుతో ఉన్న పిల్ల పక్కన దోమల్ని పెంచుతున్నది తానేనా?

ఎనిమిదో రోజు మధ్యాహ్నం సంచిలో పాత నూనె డబ్బా పెట్టుకుని వచ్చింది. ఇంటి గోడకు దగ్గరగా ఉన్న అయిదు టైర్లలో, అన్నీ మందు వేసినవే, నూనె పోసేసింది. గంట తిరక్కుండా పురుగులన్నీ చచ్చి తేలాయి. హమ్మయ్య అనుకునేలోపే లోపల మరదలు వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. నూనె కంపు కిటికీలోంచి లోపలికి పోయింది. దోమలక్క పరుగున వెళ్లి కిటికీ మూసి, మరదలి వీపు నిమిరింది. ఏది మంచో, ఏది చెడో ఆ క్షణాన ఆమెకు తెలియలేదు. బయటికొచ్చి రిజిస్టరులో ఆ అయిదింటి ఎదురుగా 'చచ్చినవి' గడిలో అంకెలు వేసింది. నూనె మాట రాయలేదు.

మర్నాడు పొద్దున్నే మేడమ్ దిగింది. రిజిస్టరు చూస్తూ ఆ అయిదు గళ్ల దగ్గర ఆగిపోయింది.

"ఇవెలా చచ్చాయి? చావకూడదే!"

దోమలక్క నోరు తెరిచింది. "చావకూడదా? మందు వేసింది చంపడానికి కాదా మేడమ్?"

"ఇంత తక్కువ వేస్తే ఈ మందు చంపదక్కా. ఎదగనివ్వదు. పురుగు పురుగుగానే ఉండిపోతుంది, రెక్కలొచ్చి దోమ కాలేదు. మందు లేని టైర్లలో లెక్క ఎందుకు తగ్గింది? అవి దోమలై ఎగిరిపోయాయి కాబట్టి."

దోమలక్క పక్కనున్న టైరు మీదే చతికిలబడింది. తప్పించుకోవడానికి దారి లేకపోలేదు. ఎండకు చచ్చాయేమో అంటే సరిపోతుంది. కానీ మేడమ్ అప్పటికే వంగి నీళ్ల మీద మెరుస్తున్న రంగురంగుల పొరను చూస్తోంది.

"కడుపుతో ఉన్న మా మరదల్ని దోమలు పీక్కు తింటుంటే నేనే పోశాను మేడమ్, పాత నూనె" అంది. "పోశానని రాయలేదు. అది ఇంకో తప్పు."

మేడమ్ మొహం ఎర్రబడింది. తర్వాత నుదురు రుద్దుకుంటూ, "మీకు ముందే చెబితే, మీ కళ్లు నేను చెప్పిందే చూస్తాయని భయపడ్డా. అందుకే చెప్పలేదు. గళ్లు కూడా రెండే గీశా, అదీ నా తెలివి. పుట్టిన దోమలు బయటికి పోకుండా టైర్ల మీద కట్టే వలలు స్టోరు నుంచి రాకుండానే మొదలుపెట్టాను. ఆ అమ్మాయిని కుట్టిన దోమలు నా పుణ్యమే" అంది.

ఆ పూటే వలలు వచ్చాయి. తమ్ముడు సణుగుతూనే ప్రతి టైరుకీ బిగించి కట్టాడు. "ఈ పనేదో మొదటి రోజే చేసుంటే మా ఆవిడ చేతులు బాగుండేవి కదా మేడమ్" అన్నాడు. మేడమ్ వంగి ఒక్కో ముడీ లాగి చూసింది. నూనె పోసిన అయిదు టైర్లనూ పరీక్షలోంచి తీసేశారు. ఎందుకు తీసేశారో దోమలక్కే రిజిస్టరులో తన చేత్తో రాసి సంతకం పెట్టింది. రాస్తుంటే చెవులు వేడెక్కాయి.

మరో వారానికి సరి సంఖ్యల టైర్ల వలల నిండా దోమలు ముసురుకున్నాయి. మందు వేసి మిగిలిన ఏడు టైర్లలో ఆరింటి వలలు ఖాళీ. ఏడో దానిలో మాత్రం రెండు దోమలు.

"ఈ రెండూ ఎలా వచ్చాయి మేడమ్?" అడిగింది దోమలక్క.

"ఎండకు ఈ మందు సత్తువ త్వరగా పోతుంది. ఆ టైరు మీద ఎండ ఎక్కువ పడుతోంది. అదే కారణం కావచ్చు. కచ్చితంగా చెప్పలేను. వారం వారం మళ్లీ పోసి చూడాలి."

"మరి ఈ పిల్లపురుగులు? ఇలాగే ఎన్నాళ్లుంటాయి?"

"చూద్దాం. కొన్ని పాత చర్మం విడవలేక చస్తాయి. కొన్నింటి సంగతి నాకూ తెలీదు."

దోమలక్క ఒకటో నంబరు టైరులో గరిటె ముంచి వెలుతురులో పట్టింది. పదహారు రోజుల పురుగులు, వారం నాటి వాటి సైజులోనే, తోకలు ఆడిస్తున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. తర్వాత స్కేలు పెట్టి రిజిస్టరులో మూడో గడి గీసింది. దానికి ఏం పేరు పెట్టాలో చాలాసేపు తోచక, కలం చివర కొరుకుతూ నిలబడింది. మేడమ్‌ని అడిగితే, "మీకు తోచింది రాయండి" అంది.

'ఇంకా తెలియనివి' అని రాసి, ఒకటో నంబరు టైరు ఎదురుగా పద్నాలుగు వేసింది.