ఎడమ పెట్టె గోడు

నేను ఒక స్పీకరు పెట్టెను. జతలో ఎడమదాన్ని. ఈ రెండో మాట చెప్పకుండా కథ మొదలుపెట్టి లాభం లేదు, నా కష్టాలన్నీ అందులోనే ఉన్నాయి. మీ మనుషులు నమ్మినవాణ్ణి కుడిభుజం అంటారు. కొత్తకోడలు కుడికాలు పెట్టి లోపలికి రావాలంటారు. మరి ఎడమో? లెక్కలేని పనిని ఎడంచేత్తో చేసి పారేస్తారు. అలిగితే ఎడమొహం పెడమొహం. నేను పుట్టకముందే నాకు ఇంత అన్యాయం జరిగిపోయింది.

కాకినాడ జగన్నాథపురంలో వీరాచారి అనే వడ్రంగి ఒకే టేకు దుంగను కోసి మమ్మల్నిద్దరినీ చేశాడు. లోపలి గొంతులు మాత్రం సీమ సరుకు, ఓడ దిగి వచ్చాయి. వెనక చెక్క మీద ఉలితో నాకు 'ఎ' అనీ, దానికి 'కు' అనీ చెక్కాడు. దాని అక్షరం ముత్యంలా కుదిరింది. నా దగ్గరకొచ్చేసరికి ఉలి జారి 'ఎ'కి తోక మొలిచింది. కుళ్ళు అప్పుడే మొదలైంది నాలో, దాచుకోవడం ఎందుకు?

మమ్మల్ని చేయించుకున్న డాక్టరు గారికి రెండేళ్ళకే మోజు తీరింది. సోఫాకు చోటు చాలడం లేదని మమ్మల్ని వదిలించుకున్నారు. కొనుక్కున్నది మునిసిపల్ హైస్కూలు డ్రాయింగు మేష్టారు పేర్రాజు గారు. మమ్మల్ని రిక్షాలో ఇంటికి తీసుకెళ్ళారు. కుడిదాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు, నన్ను కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు. నలభై ఎనిమిదేళ్ళయింది. నేను మరిచిపోలేదు.

మేష్టారికి సంగీతం అంటే ప్రాణం, కొలతలంటే పిచ్చి. టేపు పట్టి, సుద్దముక్కతో గచ్చు మీద ముక్కోణం గీశారు. రెండు మూలల్లో మేము, మూడో మూల ఆయన పేము కుర్చీ. సుద్ద చెరిగిపోతుందని తెల్లరంగుతో చుక్కలు కూడా పెట్టారు. ఆ చుక్కల మీంచి మమ్మల్ని అంగుళం కదిపితే ఇల్లు ఎగిరిపోయేది. ఆయన భార్య హైమావతి గారు మా చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు ఊడ్చేవారు. ఇక రికార్డు తిరుగుతుంటే సౌండు తగ్గించడమన్నది ఆ ఇంటి చరిత్రలో లేదు. చుట్టాలొచ్చినా, పాలు పొంగినా, ఆ సంగతి రికార్డు రెండో వైపుకి తిప్పేటప్పుడే చెప్పుకోవాలి.

హైమావతి గారు ఆయనకు ఎడమ పక్కన పీట వేసుకుని, చిక్కుళ్ళు వలుచుకుంటూ వినేవారు. భార్య స్థానం ఎడమ పక్కేనని శాస్త్రం. అంటే నా వైపు. మా కుడిదాని ముందు నేను తలెత్తుకు తిరిగానంటే, ఆ ఒక్క దానివల్లే.

రెండేళ్ళ కిందట ఆ ముచ్చటా తీరిపోయింది. ఒక పొద్దున్న చూస్తే ఆవిడ పీట కుడి పక్కకు మారింది. కాఫీ గ్లాసు అటే, మందుల డబ్బా అటే. ఏదన్నా చెప్పాలన్నా అటు తిరిగి వెళ్ళి మరీ చెబుతున్నారు. నేనేం పాపం చేశానో అర్థంకాలేదు. కుడిదాన్ని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

అది చాలదన్నట్టు, కొన్నాళ్ళకి వీణ రికార్డు మధ్యలో మేష్టారు చటుక్కున కళ్ళు తెరిచి, "హైమా, ఎడమది నీరసించిందే" అన్నారు.

నేనా? నా గొంతు నాకు తెలియదూ? ఖంగుమంటోంది.

రేడియో రిపేరు జోగారావు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఇంటి వైద్యుడు. నా వెనక చెక్క విప్పాడు, తీగలు మార్చాడు, గొంతు అంచుకు కొత్త జిగురు రాశాడు. అంతా అయ్యాక తల గోక్కుంటూ, "నాకు రెండూ ఒకలాగే ఇనబడుతున్నాయండి మేష్టారూ" అన్నాడు.

"నీది రిపేరు చెవి జోగారావూ. నాది సంగీతం చెవి."

"ఆయ్, అంతేనండి. పోనీ కుడిది ఎడంపక్కనెట్టి ఓసారి చూద్దాఁవాండి?"

"బాగున్నదాని జోలికి వెళ్ళద్దన్నానా?"

అదండీ వరస. దాన్ని ముట్టుకోకూడదు. నన్ను మాత్రం మూడుసార్లు కోసి కుట్టారు. మూడుసార్లూ మేష్టారు పెదవి విరిచారు. హైమావతి గారు నేల చూస్తూ చిక్కుళ్ళు వలుచుకున్నారు, ఒక్క మాట సాయం రాలేదు.

ఆఖరికి తీర్పు చెప్పేశారు. రాజమండ్రిలో ఎవరింట్లోనో ఇదే రకం పెట్టె ఒంటిది ఉందట. ఆదివారం జోగారావు వచ్చి నా గొంతు పీకి పట్టుకెళ్తాడు, ఖాళీ పెట్టె గుమ్మంలో చెప్పులు పెట్టుకోవడానికి పనికొస్తుంది. మా కుడిదానికి కొత్త జోడీ వస్తుంది. చెప్పుల కంపు కంటే నాకు ఆ ఆఖరి మాటే ఎక్కువ బాధ. నేను గుమ్మంలో పడి ఉంటే, లోపల అది ఇంకోదానితో గొంతు కలుపుతుంది.

ఆదివారం జోగారావు స్క్రూడ్రైవరు తీసి, మళ్ళీ సంచిలో పెట్టాడు. "కోప్పడకండి మేష్టారూ. కుడిఎడమలు మార్చి చూడకుండా దేన్నీ పోయిందని అనకూడదని మా గురువు మాటండి. ఒక్క పాటండి. ఆనక మీరు పీకెయ్యమంటే పీకేస్తాను."

మేష్టారు విసుక్కుంటూనే ఒప్పుకున్నారు. నలభై ఎనిమిదేళ్ళలో మొదటిసారి నేను కుడి చుక్క మీద కూర్చున్నాను. ముల్లు దిగింది, వీణ మొదలైంది. మేష్టారు కళ్ళు మూసుకుని, కాసేపు విని, మార్చిన సంగతే మరిచిపోయి, "చెప్పానా? ఎడమది మూలుగుతూనే ఉంది" అన్నారు.

ఆయన కళ్ళు తెరిచి చూశారు. ఎడమ చుక్క మీద ఉన్నది 'కు'.

మేష్టారు అరచేత్తో ఎడమ చెవి మూసుకున్నారు. ఏమీ మారలేదనుకుంటాను, మొహం అలాగే ఉంది. తరవాత కుడి చెవి మూసుకున్నారు. మూసుకుని, రికార్డు ఆగిపోయిందేమోనన్నట్టు దాని వంక చూశారు. అది తిరుగుతూనే ఉంది. చెయ్యి దించి కుర్చీలో వెనక్కి వాలారు.

ఆడలేక మద్దెల ఓడన్నారు కదయ్యా ఇన్నాళ్ళూ, అని అడుగుదామనుకున్నాను. అరవడానికే పుట్టినదాన్ని, నాకే నోరు రాలేదు.

"రాజమండ్రి వాళ్ళకి వద్దని చెప్పెయ్ జోగారావూ. పెట్టె మంచిదే" అన్నారు మేష్టారు. జోగారావు కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

అప్పుడు హైమావతి గారు నోరు విప్పారు. "ఎడం పక్కనుంచి పిలిస్తే పలకడం మానేశారు మీరు. అందుకే కదండీ పీట ఇటు మార్చుకున్నాను."

"తెలిసీ చెప్పలేదేమే?"

"పెట్టె పాడైందనుకుంటే ఇంకోటి తెచ్చుకుంటారు. చెవి పాడైందంటే ఏం తెచ్చుకుంటారని ఊరుకున్నానండి."

మేష్టారు ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆయన మనసు నొచ్చుకోకూడదని నన్ను చెప్పుల పాలు చెయ్యడానికి కూడా సిద్ధపడిందన్నమాట ఈ మహాతల్లి.

ఎక్కడివక్కడ పెట్టేద్దామన్నారు మేష్టారు. "ఉండనివ్వండి. ఇన్నాళ్ళూ దాన్ని తిట్టిపోశారుగా, ఇప్పుడు దాన్నే వినండి" అన్నారు హైమావతి గారు. అలా కుడి పక్క చోటు నాకు స్థిరమైంది.

మర్నాడు పొద్దున్న అదే వీణ. పాడానండీ, గొంతులో ఉన్నదంతా పెట్టి పాడాను. మేష్టారు మెల్లగా కుడి పక్కకు ఒరిగారు. నా కోసమే, ఇన్నేళ్ళకు నా కోసమే అనుకున్నాను.

పీట మీంచి హైమావతి గారు, "చింతచిగురు వచ్చిందండి, పప్పులో వెయ్యనా?" అన్నారు. రాగం సగంలో ఉంది. మేష్టారు చెయ్యి చాపి, ఆ ఇంట్లో ఎన్నడూ ఎవరి కోసమూ చెయ్యని పని చేశారు. నా సౌండు తగ్గించారు.

"ఏదీ, మళ్ళీ చెప్పు" అన్నారు ఆవిడతో.