గావ్రా గుండె, మా కిటికీలు

మా గావ్రాకు గుండె పెద్దదైందని డాక్టరమ్మ చెప్పగానే నేను కుర్చీ కోసం వెతుక్కున్నాను. మా అత్తగారు పోయింది కూడా అలాగే. ఆవిడ మనిషి, గావ్రా చించిల్లా, అంతే తేడా. కుందేలు చెవులతో, ఉడుత తోకతో, రెండు అరచేతుల్లో పట్టే బూడిదరంగు బొచ్చుముద్ద. మా అమ్మాయి నెవేన ఐదో తరగతిలో ఉండగా ఇంటికి తెచ్చింది. ఇప్పుడు నెవేన బేకరీలో పని చేస్తోంది, గావ్రా ముసలివాడయ్యాడు.

"మందు సూది లేని సిరంజితో నోట్లో వేయండి. అన్నిటికన్నా ముఖ్యం, వేడి తగలకూడదు. చెవులు ఎర్రబడి, నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే వెంటనే ఫోన్ చేయండి. ఇంట్లో గాలి ఆడనివ్వండి," అంది డాక్టరమ్మ.

"గాలా?" అన్నాను.

"గాలేనమ్మా."

పాపం, ఈ డాక్టరు పిల్లను ఏ తల్లి పెంచిందో అనుకున్నాను. ఎదురెదురుగా రెండు తలుపులు తెరిస్తే మధ్యలో దూరే గాలి ఏం చేస్తుందో మా కికిందా ఊళ్లో పుట్టిన ఎవరిని అడిగినా చెబుతారు. మా మేనమామ రైల్లో అలాంటి గాలికి కూర్చునే మూతి వంకర తెచ్చుకున్నాడు. మా ఇంట్లో ఒక కిటికీ తెరిస్తే రెండోది మూసి ఉండాల్సిందే. మా ఆయన రదోయిత్సా పట్టుబట్టి ఏసీ పెట్టించాడు గానీ, దాని మీద నేను లేసు గుడ్డ కప్పేశాను. చుట్టాలు దాన్ని దేవుడి పటం అనుకునేవారు.

ఇప్పుడా గుడ్డ తీయక తప్పలేదు. మండే జూలై ఎండల్లో ఉన్ని టోపీ, శాలువా వేసుకుని పంజరం పక్కన కూర్చునేదాన్ని.

"ఏమే, సైబీరియాకా ప్రయాణం?" అని మా ఆయన వేళాకోళం.

గావ్రాకు ఒక చిన్న స్వెట్టరు కూడా అల్లాను. నెవేన చూసి తల కొట్టుకుంది. "అమ్మా! వాడి ఒంటి మీదున్న బొచ్చు కోసం లోకం వాడి జాతినే వేటాడింది. దాని మీద నీ ఉన్ని కావాలా?"

వాడు పడుకోవడానికి చల్లటి రాయి ఉంటే మంచిదట. మా ఆయన తన స్నేహితుడి దగ్గర్నుంచి పాలరాయి ముక్క తెచ్చాడు. ఆ స్నేహితుడి పని సమాధిరాళ్లు చెక్కడం!

"ఏమయ్యా, ప్రాణం ఉండగానే వాడికి సమాధిరాయి తెచ్చావా?"

"ముక్కేనే! పేరు చెక్కించలేదుగా."

నేను ముమ్మారు సిలువ వేసుకున్నాను. గావ్రా మాత్రం దాని మీద పొట్ట ఆనించి రొట్టెలా పరుచుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆయనా అమ్మాయీ పనికి వెళ్లాక కరెంటు పోయింది. ఏసీ ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంది. ఊరంతా పెనంలా కాలుతోంది. కాసేపటికి చూస్తే గావ్రా చెవులు ఎర్రగా ఉన్నాయి. నోరు తెరిచి ఎగబీలుస్తున్నాడు. వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేశాను.

"తీసుకురానా డాక్టరమ్మా?"

"ఈ ఎండలో తెస్తే దారిలోనే పోతాడు. నీడవైపు కిటికీ ఉందా?"

"వంటింటిది."

"అది తెరవండి. మెట్లవైపు తలుపూ తెరవండి. పంజరం మధ్యలో పెట్టండి."

వంటింటి కిటికీ తెరిచాను. మెట్లవైపు తలుపు దగ్గర మాత్రం నా చెయ్యి గడియ మీదే ఆగిపోయింది. వాడికి నిమోనియా వస్తే? నాకు పక్షవాతం వస్తే? సాయంత్రం నెవేన వచ్చి "గావ్రా ఏడమ్మా?" అంటే? ఈ చివరిదాని ముందు పక్షవాతం కూడా చిన్నదిగా కనిపించింది. గడియ లాగేశాను.

నేలమాళిగ చల్లదనాన్ని మోసుకుని మెట్ల మీదుగా గాలి దూసుకొచ్చింది. తెరలు లేచాయి. మా అంతస్తులోనే ఎదురు వాటాలో ఉండే దెసాంక బయటికొచ్చి కేక పెట్టింది.

"అయ్యో విదోసవా! తలుపు వెయ్యి, చస్తావు!"

"వదినా, మీ తలుపు కూడా తెరవండి. బాల్కనీది కూడా. గాలి చాలట్లేదు."

"మతి పోయిందా? నా నడుము ఏం కావాలి?"

"మీ నడుము డెబ్బై ఏళ్లుగా ఉండనే ఉంది. వీడి గుండె సాయంత్రం దాకా ఉండేట్టు లేదు."

ఆవిడ వంగి పంజరంలోకి చూసింది. "అయ్యో, నోరు తెరిచేశాడే పిచ్చితండ్రి," అంది. లోపలికెళ్లి నడుముకి దుప్పటి చుట్టుకుని, ఉన్న తలుపులన్నీ తీసి, స్టూలు పట్టుకుని వచ్చింది. పంజరానికి చెరోవైపు, తలల దాకా కప్పుకుని కూర్చున్నాం. చావుకి సిద్ధమైనట్టే.

పై అంతస్తు ఓస్తోయా చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చి మా గుమ్మంలో నిలబడిపోయాడు. మనిషి గుమ్మమంత ఉంటాడు.

"ఆహా! ఇక్కడ ఇంత హాయిగా ఉందేమిటి?"

"గాలికి అడ్డం తప్పుకో నాయనా!" దెసాంక గద్దించింది. "ఇక్కడ గుండె జబ్బు మనిషి ఉన్నాడు!"

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. గావ్రా నోరు మూసుకున్నాడు. చెవుల ఎరుపు దిగింది. రాయి మీద అటు నుంచి ఇటు తిరిగి, ఒక గడ్డిపరక అందుకున్నాడు. దెసాంక నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఏడ్చాం.

అప్పుడే మా ఆయన వచ్చాడు. బార్లా తెరిచిన తలుపులు చూసి ముఖం పాలిపోయింది. ఇన్నేళ్లు నా చేత చీవాట్లు తిన్న మనిషి కదా, "నేను తెరవలేదే!" అంటూ తలుపు మూయబోయాడు.

"ముట్టుకున్నావంటే చూడు!" అన్నాను.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఒక పక్కగా ఒదిగి నిలబడ్డాడు. గావ్రా గడ్డిపరకను చివరిదాకా నమిలి, ఇంకొకటి లాక్కున్నాడు.